మా అత్త మాట వినని రోగిట!

మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళాను. మాది రాజోలు దగ్గర. కోడి పందాల గురించో, జగ్గన్నతోట ప్రభల గురించో రాస్తాడు కాబోలు అనుకునేరు, ఈసారి అవేవీ నేను చూళ్ళేదు. భోగి నాటి మధ్యాహ్నం నుంచి కనుమ వెళ్ళేదాకా అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీదే నా పండగ. మా మేనత్తకి కాలి బొటనవేలి కింద పుండు పడి, ముదిరి, జ్వరం వచ్చి, తీసుకెళితే షుగరు నాలుగు వందల ఎనభై. వేలు దక్కింది. మరో వారం ఆగి తెస్తే దక్కేది కాదన్నారు.

నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది మాత్రం షుగరు కాదు, డిశ్చార్జి కాగితం. అందులో ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది, "నాన్ కంప్లయంట్ విత్ ఇన్సులిన్" అని. తెలుగులో చెప్పాలంటే, చెప్పిన మాట వినని రోగి. అత్త ఆ కాగితం నా చేతికిచ్చి "ఏం రాశార్రా?" అని అడిగింది. "రోజూ ఇన్సులిన్ వేసుకోమని రాశారత్తా" అని అబద్ధం చెప్పాను.

నేను చేసే ఉద్యోగం ఏమిటో తెలిస్తే ఆ ముక్క నాకు అంతగా ఎందుకు గుచ్చుకుందో అర్థమవుతుంది. అమెరికా ఆసుపత్రుల బిల్లులకి వేసే మెడికల్ కోడ్లు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్ రాస్తాను నేను, హైదరాబాదులో. మెడికల్ కోడింగ్ అంటే అమీర్‌పేట గోడల మీద పోస్టర్లు చూసి ఇదేదో జావా లాంటిది అనుకునే మిత్రులు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో డాక్టరు రాసిన కేస్ షీటు చదివి, అందులో ఉన్న ప్రతి జబ్బుకీ, ప్రతి పరిస్థితికీ ఐసీడీ అనే పుస్తకంలోంచి ఒక సంఖ్య వెయ్యాలి. ఆ సంఖ్యలు చూసే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిస్తారు. చదివి సంఖ్య వేసే పనిలో చాలా భాగం హైదరాబాదులోనూ చెన్నైలోనూ జరుగుతుంది. చేసేది బీఫార్మసీలు, బీఎస్సీలు చదివిన పిల్లలు. మా అంతస్తులోనే రావులపాలెం వాళ్ళు ఇద్దరు, కొత్తపేట అమ్మాయి ఒకతె, ముమ్మిడివరం అబ్బాయి ఒకడు.

ఇక అసలు విషయం. డాక్టరు రాసినదాని కంటే తక్కువ మందు వేసుకోవడానికి ఆ పుస్తకంలో ఒక పేరుంది, అండర్‌డోసింగ్. అమెరికా వాళ్ళు 2015 అక్టోబరు 1న ఐసీడీ-10-సీఎం లోకి మారేదాకా ఈ మాటకి విడిగా కోడు లేదు. అంతకు ముందు తొమ్మిదో కూర్పులో వి 15.81 అని ఒకే ఒక్క సంచీ ఉండేది, వైద్యుడు చెప్పింది పాటించనివాడు అని. మందు మింగనివాడూ, పథ్యం చెయ్యనివాడూ, డబ్బు లేనివాడూ అందరూ ఆ సంచీలోకే. పదో కూర్పు వచ్చాక ఏ మందు తగ్గిందో చెప్పడానికి ఒక కోడు, ఎందుకు తగ్గిందో చెప్పడానికి ఇంకో కోడు వచ్చాయి. ఇన్సులిన్ తగ్గితే టి 38.3ఎక్స్6ఏ. కారణానికి జెడ్ 91 వరుస. అందులో 91.120 అంటే రోగి తెలిసే మందు తగ్గించాడు, డబ్బు ఇబ్బంది వల్ల. 91.128 అంటే తెలిసే తగ్గించాడు, వేరే కారణం వల్ల. 91.130 అంటే తెలియక తగ్గింది, వయసు మీద పడడం వల్ల. 91.138 తెలియక తగ్గింది, ఇతర కారణాలు. డాక్టరు చెప్పకుండా సొంతంగా మానేసినా అది అండర్‌డోసింగ్ కిందకే వస్తుందని నియమావళిలో స్పష్టంగా ఉంది. ఈ కోడు ఎప్పుడూ మొదటి వరుసలో రాయకూడదనీ, ముందు జబ్బు రాసి దాని వెనక ఇది రాయాలనీ కూడా ఉంది.

పొడిగా కనిపిస్తుంది గానీ, నిదానంగా చూడండి. ఒక దేశం తన జబ్బుల పుస్తకంలో "డబ్బు లేక" అన్న రెండు మాటలకి ఒక సంఖ్య కేటాయించింది. నేను నాలుగేళ్ళుగా ఆ సంఖ్యతో పని చేస్తూ ఒక్కసారి కూడా దాన్ని ఇలా చూడలేదు. నాకది డ్రాప్‌డౌన్‌లో ఒక వరుస, అంతే.

ఆసుపత్రి వరండాలో నిద్ర పట్టక, ఫోన్లో మా అత్త కేసుకి నేనే కోడ్లు వేశాను. జబ్బు ముదిరిన వృత్తి దోషం! ఇ 11.621, షుగరు వల్ల కాలి పుండు. ఆ పుండు ఎక్కడో చెప్పడానికి ఎల్ 97తో మొదలయ్యేది ఒకటి. ఇ 11.65, షుగరు విపరీతంగా పెరగడం. జెడ్ 79.4, చాలాకాలంగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. టి 38.3ఎక్స్6ఏ. అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. తర్వాతది ఏది వెయ్యాలి? 120 ఆ, 128 ఆ, 138 ఆ? కాగితంలో లేదు. లేనిది ఊహించి వెయ్యకూడదని కోడింగులో మొదటి పాఠం. పుస్తకంలో లేని సంగతి పక్క మంచం మీద పడుకుని ఉంది కాబట్టి పొద్దున్నే అడిగాను.

అత్త పదకొండేళ్ళు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసి వచ్చిన మనిషి. మా వైపు ఇది కొత్త సంగతేం కాదు, రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు లేని వీధి కనపడదు. మామయ్య లేడు. అర ఎకరం కొబ్బరి చెట్లున్నాయి. డాక్టరు ఆవిడకి రాసింది పొద్దున ఇరవై, రాత్రి పద్నాలుగు యూనిట్లు. అంటే రోజుకి ముప్ఫై నాలుగు. మన దగ్గర మామూలుగా దొరికే పది మిల్లీలీటర్ల సీసాలో, మిల్లీలీటరుకి నలభై చొప్పున నాలుగు వందల యూనిట్లుంటాయి. భాగించండి, ఒక సీసా పన్నెండు రోజులు కూడా రాదు. నెలకి రెండున్నర సీసాలు. అత్తకి ఊళ్ళో మెడికల్ షాపులో సీసా నూట యాభై పైన పడుతోంది. దాంతో పాటు సూదులు, బీపీ బిళ్ళలు, ఇంకో షుగరు బిళ్ళ, గ్యాస్ బిళ్ళ.

"ఎంత వేసుకుంటున్నావత్తా?" అన్నాను.

"పన్నెండు."

"రాత్రికో?"

"రాత్రి వెయ్యట్లేదురా. పూర్తిగా మానలేదు కదా, పొద్దున్న వేసుకుంటానే ఉన్నాను."

పన్నెండు చొప్పున నాలుగు వందల యూనిట్లు ముప్ఫై మూడు రోజులు వస్తాయి. చూశారా! ఆవిడ నిర్లక్ష్యంగా అప్పుడొకటి అప్పుడొకటి మానెయ్యలేదు. ఒక సీసా నెల రోజులకి సరిపోయేలా వెనక నుంచి లెక్క కట్టుకుంది. కాగితం మీద రాసుకోకుండా, ఐదో తరగతి చదువుతో. దీనికి మనవాళ్ళు పెట్టిన పేరు "మాట వినకపోవడం".

ఇంటికి తెచ్చాక పోపుల డబ్బా వెనక మందుల షాపు చీటీలు రబ్బరు బ్యాండు వేసి కనిపించాయి. అత్తకి ప్రతి కాగితం దాచడం కువైట్ నుంచి వచ్చిన అలవాటు. నాకు చేతులు ఊరుకోక, వాటి తేదీలన్నీ ఒక వరుసలో, దింపు తేదీలు ఇంకో వరుసలో రాశాను. (దింపు అంటే కొబ్బరికాయలు దింపించడం, మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తతిమ్మా వాళ్ళ కోసం.) దింపు అయిన వారంలో రెండు సీసాలు, పది బిళ్ళల షీట్లు నిండుగా. తర్వాత ఒక సీసా. ఆ తర్వాత సీసా లేదు, బిళ్ళలు నాలుగు, మూడు, నాలుగు. మళ్ళీ దింపు, మళ్ళీ రెండు సీసాలు. షుగరు పరీక్షల కాగితాలు పక్కన పెడితే అవీ అదే తాళానికి ఎక్కి దిగుతున్నాయి. పోయినేడు ఒకసారి షుగరు బాగా పెరిగినప్పుడు "స్వీట్లు తింటున్నావా" అని డాక్టరు గారు కేకలేశారట. ఆ నెల కాయ రేటు పడిపోయింది. స్వీటు తినడానికి కాదు, కొనడానికే లేదు.

మెడికల్ షాపులో కత్తెర ఉంటుంది గమనించారా? షీటు మధ్యకి కత్తిరించి నాలుగు బిళ్ళలు ఇస్తాడే, ఆ కత్తెర. కోనసీమలో ఎవరు ఏ మందు ఎన్నాళ్ళు తక్కువ వేసుకుంటున్నారో ఆ కత్తెరకి తెలిసినంత ఏ ఆసుపత్రి కంప్యూటరుకీ తెలియదు.

ఆ డాక్టరు గారిని నేను తిట్టడం లేదు. బయట అరవై మంది కూర్చుని ఉన్నారు. ఆయన అడిగిన ప్రశ్న "ఇన్సులిన్ రోజూ వేసుకుంటున్నావా?" అత్త చెప్పిన జవాబు "ఆయ్, వేసుకుంటున్నానండి." అది నిజం. మనం ప్రోగ్రామర్లం కదా, బూలియన్ అడిగితే బూలియనే వస్తుంది. ఎంత అని అడిగితే పన్నెండు అని చెప్పేది. ఎందుకు అని అడిగితే, ఏమో, అంత తొందరగా చెప్పేది కాదు. నాకే చెప్పలేదు, నేను నెలకి ఎంత సంపాదిస్తానో ఆవిడకి తెలిసి కూడా. "మొన్నే కదరా మీ చెల్లి పెళ్ళికి మీ నాన్న అప్పు చేశాడు, నిన్నెలా అడుగుతాను" అంది. ఈ వాక్యం ఏ కోడు కిందకి వస్తుందో పదో కూర్పులో నాకు దొరకలేదు. డబ్బు ఇబ్బందా? మేనల్లుడి జీతం ఆరంకెల్లో ఉంది కదా? ఉంది. అయినా అది డబ్బు ఇబ్బందే అంటాను నేను. అడగాల్సి రావడం కూడా డబ్బు లేకపోవడంలో ఒక భాగమే.

ఇప్పుడు మన వాళ్ళ సంగతి. ఆఫీసులో టీ దగ్గర ఈ కథ చెబితే వచ్చిన జవాబులు వినండి. ఒకాయన, "మనవాళ్ళకి డిసిప్లిన్ ఉండదు బాస్, పండక్కి చీరలు కొంటారు, మందులు కొనరు." ఇంకొకాయన, "ప్రభుత్వాసుపత్రిలో ఫ్రీ కదా, వెళ్ళరు." మూడో ఆయన స్టార్టప్ మనిషి, ఆయన కళ్ళు మెరిశాయి. "దీనికి యాప్ చెయ్యొచ్చు. టైముకి అలారం మోగుతుంది, వేసుకున్నాక ఫోటో తీసి పెట్టాలి, పాయింట్లు వస్తాయి."

మొదటాయనకి: మా అత్త పోయిన పండక్కీ ఈ పండక్కీ అదే చీర. రెండో ఆయనకి: నిజమే, షుగరు బీపీ బిళ్ళలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, అత్త తెచ్చుకుంటుంది కూడా. ఇన్సులిన్ కోసం వెళ్ళిన మూడు సార్లలో రెండు సార్లు "స్టాకు లేదు, వచ్చే వారం రామ్మా" అన్నారు. ఆటో ఖర్చు రానూ పోనూ లెక్కేస్తే సీసా ధరలో సగం అక్కడే పోతుంది. ఏ ఆసుపత్రో ఇక్కడ రాయను, అది ఒక్క చోటి సంగతి కాదు కాబట్టి. మూడో ఆయనకి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. అయ్యా, మా అత్తకి మతిమరుపు లేదు. రెండేళ్ళ దింపు తేదీలు నోటికి చెబుతుంది. మీ అలారం పొద్దున ఎనిమిదింటికి మోగి ఏం చెబుతుంది? లేని సీసా వేసుకోమనా? తెలియక తగ్గిన మందుకి అలారం పనికొస్తుంది. తెలిసి తగ్గించిన మందుకి అలారం పెడితే అది రోజుకి రెండుసార్లు మోగే అవమానం.

అందుకే కారణం గడి ముఖ్యం అంటున్నాను. ఒక్కో కారణానికి చెయ్యాల్సిన పని వేరు. మా పక్కింటి తాతగారి కేసు చూడండి. ఆయనకీ షుగరు దిగట్లేదు. చూస్తే తెలిసిందేమిటంటే, నలభై యూనిట్ల సీసాకి ఎర్ర మూత సిరంజి వాడాలి, వంద యూనిట్ల దానికి నారింజ రంగు మూతది. ఆయనకి ఎవరో నారింజ మూతవి అంటగట్టారు. ఇరవై గీత దాకా లాగితే ఆయన ఒంట్లోకి వెళ్ళేది ఎనిమిదే. ఆయన ఉద్దేశమేమీ లేదు, డబ్బు లేకా కాదు, సిరంజి మారిస్తే సరిపోయింది. అది 138. మా వీధి చివర మాస్టారు గారు బీపీ బిళ్ళ వేడి చేస్తుందని మానేశారు. ఆయనకి కావలసింది పది నిమిషాలు కూర్చుని చెప్పే మనిషి. అది 128. మా అత్త 120. ముగ్గురికీ ఒకే కాగితం మీద ఒకే మాట, నాన్ కంప్లయంట్! ఇంత చేసీ ఆ మాట కింద వైద్యం ఏమిటయ్యా అంటే ముగ్గురికీ కేకలే.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి, లేకపోతే ఈ కోపమంతా నాటకం. కేస్ షీటులో "నాన్ కంప్లయంట్" అన్న మాట కనిపిస్తే ఏ కోడు సూచించాలో చెప్పే రూలు మా సాఫ్ట్‌వేర్లో రాసింది నేనే. అప్పట్లో 91.14, అంటే ఇతరత్రా పాటించకపోవడం, దానికి తగిలించాను. 2023 అక్టోబరు 1న దాన్ని కూడా రెండుగా చీల్చారు, డబ్బు ఇబ్బంది వల్ల అయితే 141, ఇతర కారణమైతే 148. నేనేం చేశాను? 148ని పై వరుసలో పెట్టి, ముందే టిక్కు పడి ఉండేలా చేశాను. ఎందుకంటే కోడర్లకి ఒక్కో షీటుకి ఇంత టైమని లెక్క, క్లిక్కు తగ్గితే లెక్క పెరుగుతుంది. పైగా ఈ కారణం కోడు వల్ల బిల్లుకి సాధారణంగా కలిసొచ్చేదేమీ ఉండదు. కలిసిరాని గడి మీద ఎవరూ బగ్గు వెయ్యరు. నాకు ఆ క్వార్టరులో మెచ్చుకోలు మెయిలు కూడా వచ్చింది! ఎక్కడో ఎవరో ఇన్సులిన్ కొనలేక సగం వేసుకుంటే, అతనికి "ఇతర కారణం" అని ముందే టిక్కు పెట్టిన చెయ్యి కోనసీమ వాడిది.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డం పడ్డాడు. "అమెరికాలో కోడు ఉంది కదా, ఉండి ఏం ఒరిగింది?" మంచి ప్రశ్న. మినెసోటాలో ఆలెక్ స్మిత్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు 2017 జూన్‌లో చనిపోయాడు. వాళ్ళమ్మ ఇన్సూరెన్సులోంచి వయసు దాటి బయటికొచ్చి నెల కాలేదు. మందులకీ సామగ్రికీ నెలకి పదమూడు వందల డాలర్ల దాకా అవుతుందంటే, ఇన్సులిన్ పొదుపుగా వాడుకుంటూ పోయాడు. అప్పటికి ఆ కోడు పుట్టి ఏడాదిన్నర దాటింది. కోడు అతన్ని కాపాడలేదు. ఒప్పుకుంటాను. ఆ ఏడాదే యేల్ వాళ్ళ డయాబెటిస్ క్లినిక్కులో 199 మందిని నేరుగా అడిగితే 51 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఖర్చు భరించలేక ఇన్సులిన్ తగ్గించామన్నారు. ఆ లెక్క బిల్లుల కోడ్లలోంచి రాలేదు, అడిగితే వచ్చింది. అంటే కోడు ఉన్నా అడిగేవాడు లేకపోతే అది ఖాళీ గడే.

కానీ ఆ కథ అక్కడ ఆగలేదు. ఆ కుర్రాడి తల్లి ఊరుకోలేదు. 2020లో మినెసోటా రాష్ట్రం అతని పేరు మీదే ఇన్సులిన్ చట్టం చేసింది. 2022లో వచ్చిన కేంద్ర చట్టంతో 2023 నుంచి మెడికేర్ వాళ్ళకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకుండా కట్టడి చేశారు. 1923లో కనిపెట్టినవాళ్ళు పేటెంటుని తలా ఒక్క డాలరుకి టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేసిన మందుకి, వందేళ్ళ తర్వాత ఈ గొడవ! అయినా సరే, "వాళ్ళు మాట వినలేదు" నుంచి "వాళ్ళు కొనలేకపోయారు" దాకా మాట మారాకే చట్టం మారింది. కారణం పేరు ముందు రావాలి, ఆ తర్వాతే ఎవరి మెడకైనా గంట కట్టగలం.

మరి మన దగ్గర? ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్ల పైమాటే. వీళ్ళల్లో ఎంతమంది డబ్బు లేక మందు సగం చేస్తున్నారో రాసుకునే గడి మనం వాడే కాగితాల్లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి మూల ఐసీడీ-10లో జెడ్ 91.1 ఒక్కటే, దానికి కొమ్మలు లేవు. ఆ కొమ్మలు అమెరికా వాళ్ళు సొంతంగా వేసుకున్నవి. మన రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. దాని మేలు కాదనను, మా ఊళ్ళో గుండె ఆపరేషన్లు అయినవాళ్ళు ఉన్నారు. కానీ దాని ఆలోచన అంతా ఆసుపత్రిలో చేరాక చేసే వైద్యం చుట్టూనే. పుండు కోసి బాగుచెయ్యడానికి డబ్బు దొరికే దారి ఉంది, పుండు పడకుండా రోజూ వేసుకునే ముప్ఫై నాలుగు యూనిట్లకి దొరికే దారి సన్నం. ఆ దారి ఎంత సన్నమో చూపించాలంటే లెక్క కావాలి. లెక్క కావాలంటే గడి కావాలి.

2021 సెప్టెంబరు నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అంటూ అందరికీ ఆభా నంబరు ఇస్తోంది. రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. ఎక్కించే సాఫ్ట్‌వేర్ రాసేది ఎవరు? హైదరాబాదులోనో, విశాఖలోనో, బెంగుళూరులోనో కూర్చున్న మనమే. కాగితం మీది "నాన్ కంప్లయంట్" పోపుల డబ్బా వెనక చిరిగిపోతుంది. కంప్యూటరులోది చిరగదు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు మా అత్త మొహం చూడకముందే ఆ మాట చూస్తాడు.

కాబట్టి ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు రాసే అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి నా పోరు ఇది. "మందు సరిగా వాడుతున్నారా: అవును/కాదు" అనే గడి తీసెయ్యండి. "నిన్న ఎంత వేసుకున్నారు?" అని సంఖ్య అడిగే గడి పెట్టండి. తక్కువైతే ఎందుకో అడిగే గడి పెట్టండి, అందులో మొదటి వరుస డబ్బు ఉండాలి, రెండోది మందు దొరకలేదు అని ఉండాలి. ముందే టిక్కు దేనికీ పెట్టకండి. డాక్టరుకి టైము లేకపోతే నర్సమ్మ నింపేలా పెట్టండి, ఆవిడకైతే మా అత్త చెబుతుంది కూడా. అలారం యాప్ చేసుకుంటే చేసుకోండి, తాతగార్లకి పనికొస్తుంది, కానీ దాన్ని అందరికీ మందు అని అమ్మకండి.

నేనూ ఊరుకోలేదు. ఊరినుంచి రాగానే మా 148 టిక్కు తీసేసి, కారణం రాయని కేసుని డాక్టరుకి ప్రశ్నగా వెనక్కి పంపాలని టికెట్ వేశాను. ఒక్కో షీటుకి టైము పెరుగుతుంది, క్లయింటు ఒప్పుకోవాలి అన్నారు. మూడు వారాలైంది, ఇంకా తెరిచే ఉంది. మా టీములో కొత్తపేట అమ్మాయి మాత్రం దాని కింద తను కూడా ఒక వ్యాఖ్య రాసింది, వాళ్ళ నాన్నగారిది ఫిట్స్ మందట, ఆయన రోజు విడిచి రోజు వేసుకునేవారట.

అత్త ఇన్సులిన్ ఇప్పుడు నెలకి మూడు సీసాలు నేనే షాపులో కట్టేస్తున్నాను, ఆవిడ చేతికి డబ్బివ్వకుండా. మొన్న ఆదివారం ఫోన్ చేసి "ఎంత వేసుకున్నావు?" అంటే "ఇరవై" అంది. రాత్రి పద్నాలుగో అంటే కాస్త ఆగి, "అదేరా, సీసాలు ఫ్రిజ్జులో మిగులుతుంటే మీ పెద్దత్తకి ఒకటి ఇచ్చాను, దానికీ ఇదే జబ్బు కదా" అంది.